బోడిమెట్ట మీది కూత

గాసి పేరు ఒక పుస్తకంలో అచ్చయింది. అది ఇంగ్లీషు పుస్తకం. అతనూ చదవలేడు, నేనూ చదవలేను. అది రాసిన రమణే ఆ పేరు కింద పెన్సిలుతో గీత గీసి ఇచ్చింది కాబట్టి ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపిస్తున్నాం. ఆ పేరు అక్కడికెలా వెళ్ళిందో తెలుగులో కూడా ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా అనిపించింది. నేను ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

గాసిది జీలుగుపుట్టు. గూడెం కొత్తవీధి నుంచి జీపులో మా ఊరు వచ్చి, అక్కణ్ణుంచి కాలిబాటన గంటసేపు నడిస్తే పదిహేడు ఇళ్ళు కనిపిస్తాయి. అదే. ఇంటెనక కాఫీ తోట, మెట్ట మీద సామలు, చోళ్ళు. ప్రతి శనివారం సంతకి వచ్చినప్పుడు మా గుమ్మంలో ఆగుతాడు. మా ఆయన దైవాధీనం మేస్టారు ఉన్నప్పటి అలవాటు అది. ఈ సంగతి మొదలయ్యేనాటికి ఆయన పోయి పద్నాలుగు నెలలైనా గాసి రావడం మానలేదు. ఒక గుమ్మడికాయో, పిడికెడు మిరియాలో అరుగు మీద పెట్టి, టీ గ్లాసు పట్టుకుని కబుర్లు మొదలెడతాడు. నేను మాట్లాడకపోయినా అతనికి ఇబ్బంది లేదు. నా వంతు మాటలు కూడా తనే మాట్లాడేసుకుంటాడు.

ఆ విద్య ఇంటి దగ్గర అబ్బింది అతనికి. కూతురు స్వర్ణ కురుపాంలో నర్సు. జీలుగుపుట్టులో ఫోను మోగదు. వాళ్ళ గూడెం వెనకున్న ఏనుగుకొండ సగం ఎక్కితే ఒక బండ ఉంది. దాన్ని సిగ్నల్ బండ అంటారు. దాని మీద నిలబడితేనే మాట వినిపిస్తుంది. ఇదివరకు ఆదివారం సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఎక్కేవారు. ఈశ్వరమ్మ మోకాలు పట్టేశాక గాసి ఒక్కడే ఎక్కి, కూతురితో మాట్లాడి, దిగి వచ్చి, పెరట్లో నిలబడి ఆ మాటలన్నీ ఆడి చూపించాల్సి వచ్చింది. కూతురి మాట సన్నగా, తన మాట లావుగా. చూడటానికి పక్కిళ్ళవాళ్ళు కూడా పీటలు తెచ్చుకునేవారట.

"మల్లీ సెప్పు," అనేది ఈశ్వరమ్మ. మూడుసార్లు చెప్పించుకునేది. చివర్న ఎప్పుడూ ఒకటే అడిగేది. "దాని గొంతు ఎలాగున్నాది?"

"బాగున్నాది."

"బాగున్నాదంటే ఎలాగ?"

ఆ గొంతు మాత్రం గాసి ఎంత సన్నగా పలికినా వచ్చేది కాదు. ఆ తల్లి కూతురి గొంతు విని అప్పటికి ఆరు నెలలు.

ఏప్రిల్ నెలాఖరున రమణి వచ్చింది. విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న పిల్ల. ఫోను తరంగాలు కొండకి తగిలితే ఏమవుతాయి, ఆకుల్లోంచి దూరి వస్తే ఎంత బలం తగ్గుతాయి అని కొలవడమే ఆమె చదువు. మా వైపు ఒక చిన్న టవరు వేస్తారనీ, ఏ కొండ మీద వెయ్యాలో తన లెక్కలు చూసి పైవాళ్ళు నిర్ణయిస్తారనీ చెప్పింది. మా ఇంట్లోనే దిగింది. దారి చూపించడానికి గాసిని నేనే పిలిపించాను.

వచ్చీ రాగానే అతను అడిగిన మాట ఇదే. "ఆ టవరు మా పెరట్లోకి మాట తెత్తాదా?"

"ఎక్కడ పెడతారో దాన్నిబట్టి ఉంటుంది గాసన్నా. ఒక కొండ మీద పెడితే వస్తుంది, ఇంకో కొండ మీద పెడితే రాదు."

"అయితే నీ పెట్టె నానే మోత్తాను. బేగి పద."

మొదటి రోజు ఏనుగుకొండ ఎక్కారు. అన్నిటికంటే ఎత్తు అదే కాబట్టి కంప్యూటరు దాన్నే చూపించిందట. కొన మీద కర్ర పాతి, దానికి ఒక పెట్టె కట్టి, కింద బ్యాటరీ పెట్టారు. ఆ పెట్టె పాట పాడదు, మాట చెప్పదు. 'నేనిక్కడున్నాను' అని ఒక్కటే కూత గాలిలోకి పంపుతుంటుంది. ఇంకో పెట్టె చేత్తో పట్టుకుని కిందికి దిగుతూ, ఆ కూత ఎక్కడ ఎంత వినిపిస్తోందో అంకెలు రాసుకోవాలి. అంకెలన్నీ మైనస్‌లోనే.

"మైనస్ ఏటి?" అన్నాడు గాసి.

"సున్నాకి కింద అన్నమాట. మైనస్ ఎనభై అంటే బాగా వస్తున్నట్టు. మైనస్ నూట ఇరవై అంటే రానట్టే."

"లంబసింగి సలి లాగన్నమాట. కిందకెల్లే కొద్దీ మనిసి మిగల్డు."

కాఫీ తోటలో మైనస్ నూట నాలుగు వచ్చింది. గాసి పెరట్లోకి వచ్చేసరికి నూట ఇరవై. రమణి ముఖం చిన్నబోయింది. పుస్తకం మూసేసి, రేపు మళ్ళీ ఇవే చోట్ల ఇలాగే కొలవాలి, అప్పుడుగానీ లెక్క ఖాయం కాదు అంది.

రెండో రోజు సంగతి సాయంత్రం మా వంటింట్లో కూర్చుని రమణే చెప్పింది. పొద్దున్నే వెళ్ళి పెట్టె పెట్టి, తోటలోకి దిగి చూస్తే మైనస్ తొంభై! ఎగిరి గంతేసింది. తర్వాత అనుమానం వచ్చింది. తీగ చూసుకుంది, బ్యాటరీ చూసుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. పుస్తకంలో రాసుకోబోతే కాగితం మీద ఎండ పడింది. నిన్న అక్కడ నీడ కదా! తలెత్తి చూస్తే ఆకాశం. తల దించితే నేలంతా కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కొమ్మలు. గాసి, ఇంకో నలుగురు కత్తులు భుజాన వేసుకుని, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు నవ్వుతూ నిలబడి ఉన్నారు.

"సుట్టం వత్తే దారి నరికి సాఫు సేత్తాం మేం. నీ కూత కూడా సుట్టమే కదా! తెల్లారే సరికి మొదలెట్టేం. ఎలాగూ వానల ముందు ఈ కొమ్మలు కొట్టాల్సిందే."

"గాసన్నా, ఆ ఆకుల్నే కదా నేను కొలుస్తున్నది!"

పాపం, ఆ పిల్ల కొమ్మల కుప్ప మీద కూలబడిపోయింది. గాసికి నవ్వు ఆగిపోయింది. తల గోక్కుని, "మల్లీ అతికించమంటావేటి?" అన్నాడు.

ఇక రమణికి నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, అప్పుడు ఆలోచనలో పడింది. నిన్న నూట నాలుగు, ఇవాళ తొంభై. అంటే ఆకులు మింగింది పద్నాలుగు. అవే చెట్లు ఆకులతో ఒకసారి, ఆకుల్లేకుండా ఒకసారి కొలవాలని ఆమె రెండేళ్ళుగా తిరుగుతోందట. ఆ లెక్క కోసం ఎవరు తమ తోట కొమ్మలు కొట్టనిస్తారు? వీళ్ళు అడగకుండానే కొట్టి పెట్టారు.

అదే ఊపులో పెరట్లోకి పరిగెత్తింది. అక్కడ మళ్ళీ నూట ఇరవై.

"ఆకులు తీసేసినా రాలేదంటే అడ్డం ఆకులు కాదు అన్నా. గూడేనికీ కొనకీ మధ్యన కొండ ముక్కులా పొడుచుకొచ్చింది చూడు, అదీ అడ్డం. టవరు ఏనుగుకొండ మీద వేస్తే మీ ఇంటికి రాదు."

గాసి కత్తి కింద పడేసి చతికిలబడ్డాడు. గుమ్మంలో కాళ్ళు చాపుకుని చోళ్ళు చెరుగుతున్న ఈశ్వరమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏనుగుకొండ మీంచి మాకు కూత ఎప్పుడొచ్చినాది, ఇప్పుడు రావడానికి? సేను కాపలాకి మంచె ఎక్కినోల్లు అక్కణ్ణుంచి ఎంత అరిసినా మాకు వినబడదు. బోడిమెట్ట మంచె మీంచి దగ్గినా ఈ గుమ్మంలో పడతాది. ఈ పట్నం గుంటని బోడిమెట్ట ఎక్కించు."

"అమ్మా, నోటి మాట వేరు, ఈ తరంగం వేరు," అని రమణి చెప్పబోయింది. చెబుతూనే గుమ్మంలోకి వెళ్ళి ఈశ్వరమ్మ పక్కన కూర్చుని ఆమె చూసే వైపే చూసింది. చెట్టూ చేమా లేని బోడిమెట్ట నెత్తి నేరుగా ఎదురుగా కనిపిస్తోంది. కంప్యూటరు తీస్తే, ఎత్తు చాలదని అది ఆ మెట్టని అసలు లెక్కలోకే తీసుకోలేదు. బ్యాటరీ ఇంకొక్క రోజుకి వస్తుంది.

మూడో రోజు నేనూ వెళ్ళాను. అందరికీ పులిహోర ఇవ్వడానికి వెళ్ళానని చెప్పుకున్నాను గానీ, ఏమవుతుందో చూడాలనిపించింది. మా ఆయన పోయాక నేను ఆ కొండబాట ఎక్కడం అదే మొదలు. గాసి బోడిమెట్ట మీద పెట్టె దగ్గర ఉండిపోయాడు. రమణి పెరట్లో రెండో పెట్టె పట్టుకుంది. అంకె తొంభై ఐదు దగ్గర ఊగింది, ఎనభై ఐదుకి వచ్చింది, డెబ్బై తొమ్మిది దగ్గర నిలబడింది.

"డెబ్బై తొమ్మిది!" అని రమణి అరిచింది. నేనూ అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మెట్ట మీంచి గాసి "వచ్చినాదా?" అని వేసిన కేక నిజంగానే గుమ్మంలో పడింది.

ఈశ్వరమ్మ పెట్టెకి చెవి ఆనించింది. "ఏటీ వినబళ్ళేదు."

"ఇది 'నేనున్నాను' అని మాత్రమే అంటుందమ్మా. మాట్లాడదు."

"ఉన్నానని సెప్పి ఊరుకుంటాదా? మా ముసిలోడికి ఈ గుణం రాకపోయె!"

టవరు రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఈ మధ్యలో రమణి రెండుసార్లు ఫోను చేసి, బోడిమెట్టే ఖాయమైందని ఒకసారి, ఆకుల లెక్కా బోడిమెట్ట లెక్కా గాసి పేరుతో సహా పుస్తకంలో అచ్చయ్యాయని ఒకసారి చెప్పింది. ఫిబ్రవరిలో బోడిమెట్ట మీద ఇనప స్తంభం, సోలారు పలకలు లేచాయి. గాసి ఫోను ఎప్పుడూ అతని జేబులో చేలోనే ఉంటుంది. ఈశ్వరమ్మకి ఫోను లేదు. మా ఆయన ఫోను బీరువాలో ఉంది. నెలనెలా రీఛార్జి చేయిస్తూనే ఉన్నాను, ఎందుకో నాకే తెలీదు. దాన్ని తీసుకెళ్ళి ఈశ్వరమ్మ చేతిలో పెట్టాను. స్వర్ణకి ఆ నంబరు చెప్పాం.

ఆదివారం సాయంత్రం అది పెరట్లో మోగింది. ఈశ్వరమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "అమ్మా" అని వినిపించింది. స్వర్ణ ఇంకో రెండుసార్లు అమ్మా, అమ్మా అంది. పక్కిళ్ళవాళ్ళు పీటల మీంచి "మాటాడవే!" అని కేకలేశారు. ఈశ్వరమ్మ కళ్ళు తుడుచుకుని మొట్టమొదట అన్న మాట ఇది:

"నీ మాట పట్టుకుని పదమూడు పుంజుల్ని కోసేనే! ఇంక ఒక్కటే ఉన్నాది. దాన్నీ కొయ్యమంటావేటి?"

"ఏ పుంజులమ్మా?"

"నాన్న సిక్కిపోతన్నాడు, నెలకో కోడి వండి పెట్టమన్నావంట కదా!"

"నేనెప్పుడన్నానే? కల్లు మానెయ్యమని చెప్పాను. నిన్ను బేగి ఆసుపత్రికి తీసుకురమ్మని వారం వారం మొత్తుకుంటన్నాను!"

అప్పటికే గాసి పీటల వెనక నుంచి మెల్లగా కాఫీ తోటలోకి జారుకుంటున్నాడు. పీటల మీదవాళ్ళే పట్టుకొచ్చి మధ్యలో నిలబెట్టారు.

తర్వాతి శనివారం మా గుమ్మంలో టీ తాగుతుంటే అడిగాను. "టవరు వస్తే ఇదంతా బయటపడుతుందని నీకు తెలియదా గాసీ? ఎందుకంత కష్టపడ్డావు?"

"తెలకేటి మేస్టారమ్మా! ఒక పక్క పుంజులు కూడా అయిపోవచ్చినాయి కదా." టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "మాటలైతే ఎన్నైనా తేగలను. మా గుంట గొంతు మాత్తరం తేలేకపోయినాను."

ఈశ్వరమ్మ మోకాలికి ఇప్పుడు కురుపాంలో మందు వాడుతున్నారు. ఆదివారం ప్రార్థన ముగిసి నేను ఇంటికి వచ్చేసరికి నాకు ఫోను చేస్తుంది. ఆ నంబరు కాబట్టి నా ఫోనులో మా ఆయన పేరే పడుతుంది. పుస్తకం ఇవ్వడానికి వచ్చినప్పుడు పేరు ఎలా మార్చాలో రమణి చూపించింది గానీ మార్చలేదు. పేరు చూసి ఎత్తుతాను. ఎత్తగానే, "మేస్టారమ్మా, ఈ ముసిలోడు ఏటి సేసినాడో ఇను!" అని అటు నుంచి ఒకటే కేక.