నన్ను పడగొట్టిన డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయారు. నాతో హైస్కూల్లో చదివినతను ఒకడు వాకాడు నుంచి వస్తూ కోవూరులో బస్సు దిగి, నేను పాఠం చెప్పే బడి గుమ్మంలో నిలబడి, "నీకు తెలవదా? డ్రిల్లు సారు తెల్లారుజామున పోయినాడంట. గుండెనొప్పంట" అన్నాడు. పిల్లల్ని ఇంటికి పంపేసి, ఉన్నపళాన బయల్దేరి వాళ్ళ ఊరు వెళ్ళాను.

వారం తర్వాత మా హైస్కూల్లో సంతాపసభ పెట్టారు. దానికి మాత్రం వెళ్ళకుండా ఉండాల్సింది. ఆయన్ని ఆ స్కూల్లోంచి గెంటినవాళ్ళే వరసగా లేచి, ఆయన క్రమశిక్షణ అన్నారు, అందర్నీ సమానంగా చూసిన మనసు అన్నారు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తర్వాత సోడాలు పంచారు. నేను బయటికొచ్చి ప్రహరీగోడ పక్కన వాంతి చేసుకున్నాను. ఆయన సంగతి చదివేవాళ్ళకైనా సరిగ్గా తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట "ఛీ". బొత్తాం ఊడితే ఛీ. చినుకు పడుతుందని డ్రిల్లు ఎగ్గొడితే ఛీ. పెద్ద రైతుల ఇంట పుట్టి, పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషి. మెడలో ఈల, నిక్కరు జేబులో వేరుశెనక్కాయలు. ఈల ఊదాల్సి వస్తే నమిలేది పూర్తిగా మింగి గానీ ఊదేవారు కాదు, ఆలోపు మేము రెండు తప్పులు ఎక్కువ చేసేవాళ్ళం. ఎవరినైనా బాగుందని మెచ్చుకోగా నేను వినలేదు. బాగుంటే ఏమీ అనకుండా ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం కోసమే మేము పడిచచ్చేవాళ్ళం.

పదేళ్ళు దాటిన మాట. నేను ఫిఫ్తు ఫారంలో ఉండగా మిషన్ ఆస్పత్రి కట్టడం పనులు చూడ్డానికి ఆస్ట్రేలియా నుంచి ఒక దొర వచ్చాడు. సాయంత్రాలు మాకు వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ నేర్పాడు. ఆ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉండి, నేలకి తగిలితే ఎటు లేస్తుందో దానికే తెలియదు. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పక్కవాడికి పిడికిలితో కొట్టి అందించవచ్చు, విసరకూడదు. బంతి చేతిలో ఉన్నవాణ్ణి ఎవరైనా నడుం పట్టి పడగొట్టవచ్చు. మైదానం నడుమ అందరూ ఒకరి మీద ఒకరు పడే గుంపులోంచి బంతి బయటికి తెచ్చేవాడే జట్టుకి ప్రాణం. దొర ఆ చోటు నాకిచ్చాడు.

నేను గుంపులోకి దూరితే బంతితోనే వచ్చేవాణ్ణి. ఒక్కడికీ చిక్కేవాణ్ణి కాదు. దొర చప్పట్లు కొట్టి గంతులేసేవాడు. క్రిస్మస్‌కి మద్రాసు నుంచి వాళ్ళ దేశంవాళ్ళు వస్తారనీ, వాళ్ళతో పందెం ఆడిస్తాననీ, నేను ఇలాగే ఆడితే మద్రాసు కాలేజీలో సీటు ఇప్పిస్తాననీ మాటిచ్చాడు. మా నాన్న కూలి మనిషి. ఆ సీటు తప్ప నాకు పై చదువుకి ఇంకో ఆశ లేదు. ఊళ్ళో తల ఎత్తుకు తిరిగాను. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఏవగింపు.

డ్రిల్లు సారు గట్టు మీద కూచుని కొన్నాళ్ళు చూశారు. ఊరుకున్నారు గదా, నచ్చిందనుకున్నాను. ఒక సాయంత్రం "ఛీ" అని లేచి, ఈల దొర చేతిలో పెట్టి, మైదానంలోకి వచ్చారు. బంతితో వస్తున్న నన్ను నడుం దగ్గర వాటేసుకుని నేలకేసి కొట్టారు. బంతి ఎటో పోయింది. లేచి మళ్ళీ వచ్చాను. మళ్ళీ పడేశారు.

"ఇన్నాళ్ళూ నిన్నెవురైనా ఇట్టా పట్టుకున్నారంట్రా?"

"లేదు సార్. నేను చిక్కను గదా."

"చిక్కకపోవడం గాదు అబ్బయా. వాళ్ళు తప్పుకుంటా ఉండారు."

మిగతావాళ్ళ వైపు తిరిగి, "ఏందిరా, చెప్పండి" అన్నారు. చివరికి ఒక రైతుబిడ్డ, రోజూ నాతో నవ్వుతూ మాట్లాడేవాడే, నోరు విప్పాడు. "ఇంటికి బొయ్యి మళ్ళా నీళ్ళు పోసుకోవాల సార్. పేటవాణ్ణి ముట్టుకున్నానని తెలిస్తే మాయమ్మ లోపలికి రానియ్యదు."

మాది ఊరి బయటి పేట. మా తాత కాలంలోనే యేసుని నమ్ముకున్నాం. పేట మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. నా వేగం, నా ఒడుపు అని నేను మురిసిపోయిందంతా వాళ్ళకి నా ఒంటి మీదున్న రోత. ఆ మాట విన్నాక నా చర్మం నాకే బరువనిపించింది.

సంగతి విన్న హెడ్మాస్టరుకి ఉపాయం తట్టింది. "వాణ్ణి ఆ చివర గోలు కాడ ఒంటిగా నిలబెడితే సరి గదయ్యా? ఎవురికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు, ఎంతో దయగా. సారు మొహం చిట్లించి, "చేతికి మట్టంటకూడదంటే పేకాట ఆడుకోమనండి సార్" అని వచ్చేశారు. దొరకి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, ప్రార్థన చేద్దామన్నాడు.

ఆ తర్వాత రోజూ సారే నన్ను పడగొట్టారు. మోచేతులు చెక్కుకుపోయాయి. పట్టు విడిపించుకోవడం నాకు ఎంతకీ రాలేదు. ఆయన ఆ సంగతి దాచలేదు. "నువ్వు తప్పించుకునేవాడివి గాదురా, పట్టేవాడివి. ఆ చేతులు చూసుకో" అన్నారు. చిన్నప్పటి నుంచి కోతల్లో వరి మోపులు కట్టిన చేతులు. చోటు మైదానం నడుమనే, పని మాత్రం మారింది. నేను బంతి తేనక్కర్లేదు, తెచ్చేవాణ్ణి పట్టి పడెయ్యాలి.

"వాళ్ళు నిన్ను ముట్టుకోకపోతే పాయె. నువ్వే పోయి పట్టుకో."

నేను మొదట పట్టింది వాళ్ళమ్మ రానియ్యదన్నవాణ్ణే. ఇద్దరం బురదలో పడ్డాం. నా చేతుల కింద వాడి గుండె దడదడా కొట్టుకుంది. వాడి చెమట కూడా నా చెమటలాగే కంపు కొట్టింది. వాడు లేచి ఏడ్చాడు. నేను సారు వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు. నా జన్మకి అంత పెద్ద మెప్పు ఇంకోటి లేదు.

మర్నాడు ఆ పిల్లల ఇళ్ళ పెద్దలు బండ్లు కట్టుకుని స్కూలుకి వచ్చారు. పందెం రద్దు. నా మద్రాసు సీటు మాట ఎత్తినవాడు లేడు. సారుని క్షమాపణ చెప్పమన్నారు. ఆయన ఏమన్నారో మీకు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోయింది. సొంత ఊరు వెళ్ళి సేద్యం చేసుకుంటూ, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని నన్ను టీచర్ ట్రైనింగులో చేర్పించింది కూడా ఆయనే. సంతాపసభలో ఈ ముక్క ఒక్కరూ ఎత్తలేదు.

ఆయన పోయిన రోజు నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. పందిరి బయటే వాళ్ళ బంధువు ఒకాయన నన్ను పోల్చుకుని, "ఆడనించే దణ్ణం పెట్టుకుని పో అబ్బయా" అన్నాడు. నేను ఆగలేదు. నేను నడుస్తుంటే జనం అటూ ఇటూ తప్పుకున్నారు. తిన్నగా వెళ్ళి, వంగి, ఆయన రెండు పాదాలూ పట్టుకున్నాను. చల్లగా, గరుగ్గా ఉన్నాయి.

"ఒరే, వదలరా! ఎవురన్నా వాణ్ణి లాగండ్రా!" అని వెనక నుంచి అరుపులు.

లాగాలంటే నన్ను ముట్టుకోవాలి. ఒక్కడూ ముందుకి రాలేదు. అంతమంది చుట్టూ నిలబడి చూస్తుండగా, నాకు చాలనిపించేదాకా ఆయన పాదాలు పట్టుకునే ఉన్నాను.