సప్లై ఇచ్చే ముందు కాక అడిగిన మాట

గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు వర్క్‌షాపులో ట్రైనీగా చేరిన కొత్తలో జరిగిందిది. నాతోపాటు చేరిన స్రవంతి గలగలా మాట్లాడేది. నేను ఎంత చదివినా నోరు విప్పేదాన్ని కాదు. మెచ్చుకోళ్లన్నీ ఆమెకే దక్కుతుంటే నాకు కడుపు మండేది.

మా డీసీ మోటారుకు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ద్వారా కరెంటు వస్తుంది. మోటారు నెమ్మదిగా తిరిగినప్పుడల్లా పవర్ ఫ్యాక్టర్ పడిపోతోంది, అంటే తీసుకున్న కరెంటులో చాలాభాగం పనికి రాకుండా పోతోంది.

"ఇంకో కెపాసిటర్ పెడితే అయిపాయె గద కాక!" అంది స్రవంతి.

"శభాష్ బిడ్డా!" అన్నాడు ఫోర్‌మన్ మల్లయ్య కాక.

రెక్టిఫయర్ కరెంటు తరంగం ఆకారాన్నే చెడగొడుతుందని, అక్కడ మామూలు కెపాసిటర్ పెడితే వేడెక్కి పేలొచ్చని నేను చదివాను.

కెపాసిటర్ బిగించారు. సప్లై ఇచ్చే ముందు ఒక్కొక్కరినీ అడగడం కాక అలవాటు. "నీకేమన్న అనుమానం ఉన్నదా బిడ్డా?"

"లేదు కాక" అన్నాను. ఒక్కసారైనా ఆమె తప్పు బయటపడాలనిపించింది.

కాసేపటికే కెపాసిటర్ ఉబ్బి ఢామ్మని పేలింది. మీటరు చూస్తున్న స్రవంతి చెంప పక్కనుంచి రేకు ముక్క దూసుకుపోయింది. ఆమె నా చేయి పట్టుకుంది.

"గన్ని బుక్కులు చదువుతవ్, గిట్లయితదని నీకు గూడ తెల్వదానే?"

"తెల్వదు" అన్నాను.

ఆమె నమ్మింది. ఇప్పుడు నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆమె. ఎన్నిసార్లు ప్రయత్నించినా నోటితో చెప్పలేకపోయాను. ఇది అచ్చయితే, ముందు ఆమె చేతికే ఇస్తాను.