అత్తమ్మతో ద్రాక్షతోటకు

మా అత్తమ్మ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూసింది. ఒక చాయ్ తాగి, ఇంకో చాయ్ అడిగి, అది వచ్చేలోపే గోడకు ఒరిగిపోయింది. నేను వంటింట్లోంచి "చక్కెర తగ్గించమంటారా?" అని అడుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికల్లా పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా గల్లీ గల్లీ అంతా మా గుమ్మంలో ఉంది. పక్కింటి ఖాలా నన్ను పట్టుకుని ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "అంగూర్ దేఖ్ కు ఆయీ నా, బస్" అంది. ద్రాక్ష చూసి వచ్చింది కదా, అది చాలు అని. ఓదార్చడానికి ఎందరో ఏవేవో అన్నారు. నాకు ఆసరాగా నిలిచింది మాత్రం ఈ మాటే, అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు శంషాబాద్ వైపు ఒక తోటలో కూలికి పోయేది. పందిరి కింద నిలబడి, చేతులు పైకెత్తి, చిన్న కత్తెరతో గుత్తుల్లో పిందెలు పలచన చేసే పని. అన్నింటినీ ఉంచితే ఏ పండూ లావు కాదట. సాయంత్రానికి మెడ పట్టేసేదట, అయినా ఎర్రటి ఎండలో ఆ పందిరి కింద ఉన్న చల్లదనం మళ్లీ ఎక్కడా దొరకలేదనేది. తర్వాత ఆ తోట ప్లాట్లయింది. ఆమె సర్కారు దవాఖానాలో ఆయాగా చేరి, అక్కడే రిటైరైంది.

బజారుకు వెళ్తే బండి మీది ద్రాక్ష గుత్తిని ఎత్తి, వెలుతురులో తిప్పి చూసి, "దీనికి కత్తెర పడలే" అని మళ్లీ అక్కడే పెట్టేది. కొనేది కాదు. బండివాళ్లకు ఆమె వస్తోందంటే హడల్. నాకు నవ్వూ వచ్చేది, సిగ్గూ వేసేది.

నేను ఏలూరు పిల్లని. ఉద్యోగానికి వచ్చి ఈ ఇంటి కోడలినయ్యాను. నలభై దాటాక కారు నేర్చుకున్నాను. పాతబస్తీ గల్లీల్లో కారు తిప్పగలిగిన దాన్ని ఎక్కడైనా తిప్పుతానని అత్తమ్మే మొదట నమ్మింది. "ఎక్కడికన్న దూరం పోదాం బిడ్డా, మోకాళ్లు పూరా పాడుగాక ముందే" అని రోజూ అనేది. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ అడవిలో పులిని చూడాలని ఉంది. చంద్రపూర్ దగ్గరి తాడోబాకు పోదామన్నాడు. నేను ఫోన్‌లో వెతుకుతుంటే నాసిక్ ద్రాక్షతోటల బొమ్మలు వచ్చాయి. అక్కడ వైన్ చేస్తారని, తోటలు చూడటానికి జనం వెళ్తారని చదివి వినిపించాను.

"వైన్ తోటలా? అంటే కల్లు కాంపౌండ్ లెక్కనా?" అంది అత్తమ్మ.

"తాగడం మనిష్టం అత్తమ్మా. తోట అయితే చూడొచ్చు."

ఆమె నా పక్కకు జరిగింది. బొమ్మను వేలితో పెద్దది చేయమని అడిగి, చాలాసేపు చూసింది.

ఆ రాత్రి కూరగాయలు తరిగే చాప మీద ప్రయాణం మొత్తం పరిచేసింది. ఉల్లిగడ్డ హైదరాబాద్, వంకాయ ఆదిలాబాద్, ఆలుగడ్డ తాడోబా. చాప అటు చివర ఒక టమాటా పెట్టి "గిది నాసిక్" అంది. నడుమ నడుమ వెల్లుల్లి రెబ్బలు. అవి చాయ్ కోసం ఆగే చోట్లు. ఫోన్ మ్యాప్ పట్టుకున్న మా ఆయన "గిన్ని ఎందుకమ్మా?" అంటే, "కోపాలు రాకముందే బండి ఆగాలె. కడుపుల చాయ్ లేకపోతే నోట్లకెల్లి లొల్లి బయటికొస్తది" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ గొడవ మొదలైనా ముందు చాయ్ పెట్టడం అలవాటైంది. సగం గొడవలు అది మరిగే లోపే చల్లారిపోతాయి.

అడవికి ఏ రోజు పోవాలన్నది కూడా ఆమే తేల్చింది. "జుమ్మా నాడు తప్ప ఎప్పుడన్న పోదాం. జుమ్మాకు బంద్ ఉంటది." మా గల్లీలో దర్జీ, దర్వాజలు చేసే వడ్రంగి, మా పాలవాడి కొట్టు, అందరికీ సెలవు శుక్రవారమే. వారానికో సెలవంటే అది శుక్రవారమేనన్నది మాకు గాలి పీల్చినంత సహజం. మేం ఇద్దరం తలూపాం, గేటు దగ్గరే టికెట్లు తీసుకోవచ్చులే అనుకున్నాం. పోయిన ఏడు ఫిబ్రవరిలో ఒక సోమవారం ఖాలా ముగ్గురి చేతులకూ ఇమామ్ జామిన్ కట్టింది, దారిలో ఏ ఆపదా రాకుండా గుడ్డలో నాణెం చుట్టి కట్టే తావీదు లాంటిది. బయలుదేరాం.

మంగళవారం తెల్లారి ఉన్ని శాలువాలు కప్పుకుని గేటు దగ్గరికి వెళ్తే, గేటు మూసి ఉంది. చీపురు పట్టుకున్న కాపలాదారు మమ్మల్ని ఎగాదిగా చూసి, తాడోబాకు సెలవు మంగళవారమని చెప్పాడు. మా ఆయన కారు దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాడు. అత్తమ్మ నోరు తెరిచి, "పులులకు జుమ్మా లేదా ఏంది?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

విషయం నవ్వులాట కాదు మరి. ఆయన సెలవు శుక్రవారంతో సరి. బుధవారం దాకా ఆగితే పులి దొరుకుతుంది, కానీ నాసిక్ పోయే వీలుండదు, అటు నుంచి అటే ఇంటికి తిరగాలి. చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నాం.

"నీ పులిని చూసుకో బిడ్డా" అంది అత్తమ్మ. "తప్పు నాదే గద. తోట ఎక్కడికి పోతది? ఇంకోపారి చూస్త."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తోటలే పోతయమ్మా. నువ్వు పనిచేసిన తోట పోలే? పులి ఏడికి పోదు, అడవిల ఉంటది. లెవ్వు, నాసిక్ పోదాం." ఆయన వాళ్లమ్మ మాటకు ఎదురు చెప్పగా నేను విన్నది అదొక్కసారే. అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చాయ్ వేడికి అని చెప్పింది.

యవత్మాల్ దాటి, పత్తిచేలు దాటి, మర్నాటి చీకటి పడేసరికి నాసిక్ చేరాం. దారి పొడుగునా ఆమె ముందు సీట్లో కూర్చుని నాకు పల్లీలు ఒలిచి నోట్లో పెట్టింది. లారీ ఎదురొస్తే మాట్లాడటం ఆపి, దాటిపోయాక వదిలిన చోటి నుంచే మళ్లీ అందుకునేది.

వైన్ చేసే చోట ఒక అమ్మాయి గ్లాసులో రవ్వంత పోసి, ముందు వాసన చూడమంది. అత్తమ్మ చూసింది. "తోటల కింద రాలి మురిగిన పండ్లు అచ్చం గిట్లనే వాసనొచ్చేటియి" అని మురిసిపోయి, ఒక్క గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, "దీనికా గింత వేషం?" అంది. ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా అర్థమైపోయింది, ఫక్కున నవ్వింది.

తోటలోకి తీసుకెళ్లారు. వైన్ ద్రాక్షకు పందిరి వేయరట. కంచెలాగా వరసలు, నడుము ఎత్తున గుత్తులు. అత్తమ్మ అటూ ఇటూ చూసి, "పందిరేది?" అంది. చుట్టూ అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె తిరిగొచ్చి కారులో కూర్చుంది. ఇంత దూరం తీసుకొచ్చి ఈ ముసలామెను ఉత్త చేతులతో తీసుకెళ్తున్నామే అనుకుంటూ కారు తీశాను.

ఊరి దారి పట్టాక ఆమే నా మోచేయి పట్టుకుంది. "ఆపు బిడ్డా, ఆపు." రోడ్డు పక్కన తినే ద్రాక్ష తోట. పందిరి. కింద ఆడవాళ్లు గుత్తులు కోస్తున్నారు. అత్తమ్మ గట్టు మీద నిలబడి, "జరా అందర్ ఆవూఁ క్యా, అమ్మా?" అని మన పాతబస్తీ ఉర్దూలో, కాస్త లోపలికి రావచ్చా అని అడిగింది. "యా ఆజీ, యా" అని ఒకామె మరాఠీలో రమ్మని పిలిచి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, అడక్కుండానే తన కత్తెర ఇచ్చింది.

డాక్టరు పట్టుమని పది నిమిషాలు నిలబడొద్దన్న మోకాళ్లు అవి. చాలాసేపయ్యాక మా ఆయన వెనక సీట్లోంచి వంగి హారన్ మీద చేయి పెట్టాడు, కొట్టలేదు. ఆకులు వంగిన పందిరి కింద నుంచి మాకు ఆమె చీర కుచ్చిళ్లు, చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి. ఒక అడుగు వేయడం, మడమలెత్తి ఆగడం, మళ్లీ ఒక అడుగు. అలా లోపలికి, ఇంకా లోపలికి.