పిన్ని చెప్పిన సువిశేషం

పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి ఫోన్ చూశాను. ఈస్టర్, అదే మా పాస్కా, వెళ్లిన వారం కదా, మా చర్చి విచారణ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు రోజూ ఆనాటి సువిశేషం, అంటే బైబిల్లోని యేసు కథ, చదివి పంపుతారు. మంగళవారం వంతు యేసు సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడ్డ మగ్దలా మరియమ్మది. ఆవిడ కథ వినబడితే చాలు, మా అమ్మమ్మ వచ్చి కళ్ల ముందు కూర్చుంటుంది. పాలు పొంగిపోయాయి, చూసుకోనే లేదు.

అమ్మమ్మ ఆఖరి కూతురు, అంటే మా పిన్ని, రాజమండ్రి అవతల ఒక మఠంలో చేరింది. బళ్లూ ఆసుపత్రులూ నడిపే సిస్టర్ల మఠం కాదది. లోపలికి వెళ్లినవాళ్లు మళ్లీ గుమ్మం దాటరు. ప్రార్థనే పని. చూడ్డానికి వెళితే మధ్యన కటకటాలు. జీవితాంతం ఇక్కడే ఉంటానని చివరి మాటపట్టు ఇచ్చేలోపు అమ్మమ్మ ఎప్పుడు రమ్మన్నా వచ్చేస్తానని, చేరిన రోజే ఆవిడకి మాటిచ్చిందట. తొంభైల చివర్లో, ఆ మాటపట్టు ఇక కొద్ది వారాల్లో ఉందనగా, పాస్కా వెళ్లిన మంగళవారం అమ్మమ్మ నన్ను వెంటేసుకుని బయల్దేరింది. నేను బీయెడ్ పూర్తిచేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజులవి. సంచిలో సున్నుండల డబ్బా, దాని కింద కొత్త చీర. ఎవరికమ్మమ్మా అంటే, "దానికే. తిరుగు ప్రయాణంలో ఆ తెల్లబట్టలతో బస్సెక్కుతుందేంటే?" అంది. పిన్నిని వెనక్కి తెచ్చేసుకోడానికే వెళ్తోందని అప్పుడర్థమైంది. మా అమ్మమ్మ పట్టుబట్టిందంటే చేపల బజారులో వాళ్లే బేరం వదిలేసుకునేవాళ్లు మరి.

పాస్కా వారంలో మాత్రం పూజ అయ్యాక లోపలి సిస్టర్లలో ఒకరు సువిశేషం మీద నాలుగు మాటలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు గుడిలో కటకటాల వెనక నిలబడింది పిన్నే! పులుసులో ఉప్పు చాల్లేదన్నందుకు తాతయ్యతో రోజంతా పోట్లాడిన మనిషి, ఎంత నెమ్మదిగా మాట్లాడిందో. మేం వచ్చిన సంగతి తనకి తెలీదు, వెనక స్తంభం చాటున కూర్చున్నాం.

"మరియమ్మ సమాధిలోంచి లేచిన ప్రభువుని చూసి పట్టుకుంటే, నన్ను పట్టుకోవద్దు అన్నాడు. ఆ మాట మీద నాకు చాలాకాలం కోపం ఉండేదండి. అంత ఏడ్చినావిడతో అనే మాటేనా అది? తర్వాత తర్వాత చదివితే తోచింది. ఆవిడ చెయ్యి తీసిందని ఎక్కడా రాయలేదు. కానీ తీసే ఉంటుంది. వెంటనే వెళ్లి, ఆయన్ని చూశానని అందరికీ చెప్పింది కదా. పట్టుకునే కూర్చుంటే ఆ కబురు మనదాకా వచ్చేదే కాదు."

ఆ రోజుకి ఆ సువిశేషం రావడం, చెప్పే వంతు పిన్నిది కావడం ఎవరూ అనుకుని చేసింది కాదు. పక్కకి చూడ్డానికి కూడా భయమేసింది.

తర్వాత ములాఖత్ గదిలో అమ్మమ్మ కటకటాల్లోంచి చెయ్యి పెట్టి పిన్ని మణికట్టు పట్టుకుంది. పిన్ని "చెప్పమ్మా" అంది. రమ్మంటే వచ్చేసేదే, ముఖం చూస్తేనే తెలుస్తోంది. అమ్మమ్మ చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది. ఆఖరికి, "చిక్కిపోయావే. సున్నుండలు తిను" అని, చెయ్యి వెనక్కి తీసుకుంది. చీర సంచిలోంచి బయటికి రానేలేదు.

తిరిగొచ్చే భీమవరం బస్సులో పక్కావిడ ఎక్కణ్ణించి వస్తున్నారని అడిగింది. అన్నాళ్లూ ఊళ్లో ఎవరడిగినా, కూతురు వైజాగులో ఉద్యోగం చేస్తోందని బొంకిన మా అమ్మమ్మ తలెత్తి, "మా చిన్నమ్మాయి దగ్గర్నించండి. మఠంలో ఉంది. ఇవాళ వాక్యం చెప్పింది" అంది. అక్కడితో ఆగిందా? ముందు సీటువాళ్లకీ, వెనక సీటువాళ్లకీ, టికెట్లు కొట్టే కండక్టరుకీ చెప్పింది. చెబుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ చెబుతోంది. మరియమ్మ కబురు పట్టుకుని వెళ్లిన ఆ పొద్దు గడిచి రెండు వేల ఏళ్లయిందంటారు గానీ, నేను దాన్ని ఆ బస్సులో కళ్లారా చూశాను.