ఫారంలో రాయని మగ్గం

ఆదోనిలో మా పాప చదివే ఇంగ్లీషు మీడియం బడిలో తల్లులకు పేర్లుండవు. మొగుడు చేసే వ్యాపారమే పేరు. పత్తి జిన్నింగ్ మిల్లామె, మెడికల్ షాపామె, నూనె ఫ్యాక్టరీ ఆమె. నెలకోసారి శనివారం తల్లిదండ్రుల మీటింగుకు పోతే ముందు బెంచీల్లో వీళ్లే ఉంటారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు, అయినా అందరికీ తెలుసు. నన్ను చీరలంగడామె అనేవాళ్లు. మాకు అంగడి లేదు. ఎమ్మిగనూరులో మా ఇంట్లో ఉన్నది ఒక గుంట మగ్గం. మా ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తాడు, నేను నూలు కండెలు చుడతాను.

ఆ పేరు వాళ్లు పెట్టింది కాదు, నేను చేతులారా రాసిచ్చింది. పాపను ఒకటో తరగతిలో చేర్చే రోజు ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డాను. వరుసలో నాకంటే చాలా ముందున్న అతన్ని ఏం చేస్తారని అడిగారు. బేల్దారి మేస్త్రీని, ఇళ్లు కడతా అన్నాడు. పక్కన కూర్చోండి, పిలుస్తాం అన్నారు. అతని వెనకున్నవాళ్లు కూడా లోపలికి పోయి బయటికి వచ్చారు గానీ అతన్ని మాత్రం పిలవలేదు. నా చేతిలో ఫారం ఉంది. నేను పదో తరగతి పాసయ్యాను, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని రాయగలను. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. ఆ మేస్త్రీ వైపు ఒకసారి చూసి, ‘శారీ షాప్’ అని రాసేశాను. పది నిమిషాల్లో సీటు ఇచ్చారు. ఇంటికి వచ్చి మా ఆయనతో సీటు వచ్చిందని చెప్పాను గానీ ఏం రాశానో చెప్పలేదు.

దాచడమెందుకు, మొదట్లో నాకు ఆ పేరు బాగానే ఉండింది. ముందు బెంచీలో చోటిచ్చారు. వాట్సాప్ గ్రూపులో చేర్చుకున్నారు. ఆ గ్రూపులో పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ పూలు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల ఫోటోలు, సాయంత్రం హోంవర్కు గురించి కొట్లాటలు. ఎవరి బిడ్డ పుట్టినరోజుకు ఎవరిని పిలిచారు, ఎవరిని మరిచిపోయినట్టు నటించారు, అదొక పెద్ద రాజకీయం. నేను మా ఆయన నేసిన నూలు చీర కట్టుకుని పోతే అంగడివాళ్లు గదా, మంచివి ఏరుకుంటారు అనేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నవ్వడం కూడా అబద్ధం చెప్పడమేనని అప్పుడు తోచలేదు.

పాప నాలుగో తరగతికి వచ్చిన ఏడు, వార్షికోత్సవానికి తల్లులంతా ఒకే రకం చీరలు కట్టాలని జిన్నింగ్ మిల్లామె తీర్మానం చేసింది. నమూనాకని ఒక చీర తెచ్చింది. అసలైన చేనేత అంది. నా చేయి ఊరుకోలేదు. చీర అందుకుని అంచు తిరగేసి వేలితో తడిమాను. మేం నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండు అంచులకూ సూదులున్న పుల్ల గుచ్చి పెడతాం. ఆ సూది గుర్తులు అంచు వెంబడి వేలికి తగులుతాయి. ఈ చీరకు ఒక్కటీ లేదు.

“ఇది చేనేత గాదక్కా, మిషను గుడ్డ,” అన్నాను.

ఆమె నొచ్చుకోకపోగా చప్పట్లు కొట్టింది. “అంగడి నడిపేవాళ్ల కన్ను వేరే ఉంటాది. అయితే మీ అంగట్లోనే తీసుకుందాం. ముప్పై చీరలు, రెండు నెలల్లో కావాల్ల.”

“రెండు నెలలా? మగ్గానికి పడుగు నూలు ఎక్కించేదానికే...” అని నాలుక కరుచుకున్నాను. ఒక్క మగ్గం మీద ముప్పై చీరలు నేయాలంటే ఎన్ని నెలలు పడుతుందో నాకు తెలుసు. ఆమెకు తెలియదు. చూద్దాంలే అక్కా అని దాటేశాను.

“మీ అంగట్లో లిఫ్టు కూడా ఉందంట గదా. మీ పాప మా పాపతో సెప్పినాది,” అంది ఆమె, మెచ్చుకోలుగా.

లిఫ్టు! ఎమ్మిగనూరు మా వీధిలో కరెంటు పోతే ఫ్యానుకే దిక్కు లేదు. పాప మీద కోపం వచ్చింది. పాప మీదే కోపం రావడం ఎంత సిగ్గుచేటో ఆ తర్వాతి నెల తెలిసింది.

ఆ నెల మీటింగుకు మా ఆయన వస్తానన్నాడు. మగ్గం మీది పడుగు అయిపోయింది, సావుకారు ఇచ్చే కొత్త నూలు ఇంకా రాలేదు, ఒక రోజు ఖాళీ దొరికింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుంటలో కూర్చుని కూర్చుని నడుము కాస్త వంగినా, ఆ రోజు బడి వరండాలో నిటారుగా నడిచాడు. ముగ్గురం తరగతి బయట నిలబడ్డాం. గోడకు పిల్లలు రాసిన కాగితాలు అంటించారు. ‘మా నాన్న’ అన్న విషయం మీద ఇంగ్లీషులో రాసినవి. మా ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ కూతురి పేరు అక్షరాలు గుర్తు పడతాడు.

“ఇది మన పాపదే! ఏం రాసినాది? సదువు.”

చదివాను, కళ్లతో. మా నాన్నకు మూడంతస్తుల చీరల అంగడి ఉంది. మా నాన్న కౌంటర్ దగ్గర తిరిగే కుర్చీలో కూర్చుంటాడు. మా నాన్న చేతికింద చాలామంది పనిచేస్తారు. కింద టీచరు ఎర్ర ఇంకుతో గుడ్ అని రాసి నక్షత్రం గీసింది.

“మా నాన్న మగ్గం నేస్తాడు,” అని పైకి చదివాను. “మా నాన్న నేసే చీరలంటే నాకు ఇష్టం. మా నాన్న కష్టం చూసి నేను బాగా సదువుకుంటా.”

ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని గోడ వైపు తిరిగాడు. తర్వాత ఫోన్ తీసి ఆ కాగితాన్ని రెండుసార్లు ఫోటో తీశాడు. పాప మా ఇద్దరి మధ్యే నిలబడి ఉంది. దానికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. అది నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మింగుడుపడదు.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చుని పక్క మనిషికి ఆ ఫోటో చూపిస్తున్నాడు. పాప నా చెవి దగ్గరికి వచ్చింది.

“నువ్వు తప్పు సదివినావు.”

“ఊరుకో. అంత పెద్ద అబద్ధం ఎట్ల రాసినావే?”

“నువ్వు ఫారంలో రాసిందే గదమ్మా. మిస్ ఆ ఫారం సూసి, మీ డాడీది శారీ షాప్ గదా, దాని గురించి రాయి అన్నాది. నేను రాసినా.”

తొమ్మిదేళ్ల పిల్ల. ఏడవలేదు, అరవలేదు. ఉన్నమాట చెప్పి కిటికీ వైపు తిరిగింది. తండ్రి పని పేరును కూతురి నోట్లోంచి తీసేసింది నేను. తిరిగి పెట్టాల్సిందీ నేనే. బస్సు దిగేలోపు ఆ నిర్ణయం అయిపోయింది. ఎవరేమనుకుంటారన్న లెక్క దానిలో లేదు.

ముందు ఆయనకు చెప్పాలి. సోమవారం కొత్త పడుగు వచ్చింది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే బూడిద అద్ది మెలిపెట్టి అతకాలి. వందల పోగులు. ఎదురెదురుగా కూర్చోవాలి, మధ్యలో లేచిపోయే వీలుండదు. అందుకే ఆ సమయం ఎంచుకున్నాను. ఫారం సంగతి, లిఫ్టు సంగతి, కాగితంలో నిజంగా ఏముందో, అన్నీ చెప్పాను. ఆయన వేళ్లు ఆగలేదు. పోగు తీసుకోవడం, మెలిపెట్టడం, వదలడం. ఒక జానెడు వెడల్పు అతికింది.

“పాప అంగడి అని రాసినందుకు నాకేం బాధ లేదు,” అన్నాడు చివరికి. “సిన్నపిల్ల. నువ్వు ఫారంలో రాసినందుకూ లేదు, సీటు కోసం రాసినావు. నా ఎదురుగా నిలబడి లేనిది సదివినావే. నేను దాన్ని వీధంతా సూపించుకుంటి.”

తప్పయింది అన్నాను. ఆయన ఇంకో పోగు అందుకున్నాడు. రెండు రోజులు అన్నం తనే వడ్డించుకున్నాడు.

మూడో రోజు ఆదోని బస్సు ఎక్కి బడి ఆఫీసుకు పోయాను. ఫారం మార్చాలన్నాను. గుమాస్తా కళ్లద్దాల పైనుంచి చూశాడు. “ఇప్పుడెందుకమ్మా? సీటు వచ్చినాది, పాప సదువుకుంటాంది. ఎవరు సూస్తారు దాన్ని?”

“మా పాప సూస్తాది,” అన్నాను.

పాత ఫైలు వెతకడానికి గుమాస్తా ఎంత విసుక్కున్నా నేను వదల్లేదు. కుర్చీ వదిలి లేవలేదు. చివరికి ఫారం తీసి ముందు పెట్టాడు. శారీ షాప్ కొట్టేసి, ‘చేనేత, మగ్గం’ అని తెలుగులోనే రాసి పక్కన సంతకం పెట్టాను. పాత రాత కంటే కొత్త రాత వంకరగా వచ్చింది.

అక్కడినుంచి నేరుగా జిన్నింగ్ మిల్లామె ఇంటికి పోయాను. గ్రూపులో పెట్టి ఊరుకోవచ్చు, అది పిరికిపని అనిపించింది. గుమ్మంలోనే చెప్పేశాను. మాకు అంగడి లేదు, మగ్గం ఉంది, నాలుగేళ్లుగా అబద్ధం చెప్పాను అన్నాను. ఆమె చెడ్డ మనిషేం కాదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. “అయ్యో, ముందే సెప్పింటే ఏమయ్యేది అక్కా?” అంది. ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరం కాఫీ గ్లాసుల్లోకి చూశాం. చివరికి ఆమే అడిగింది, “మరి ముప్పై చీరలు?”

నాకు నవ్వొచ్చింది. “మా ఆయన ఒక్కడు నేస్తే, మీ పాప పెండ్లికి అందుతాయి,” అన్నాను. ఆమె కూడా నవ్వింది. సాయంత్రానికి గ్రూపులో అందరికీ తెలిసిపోయింది. ఆ వారం రెండు పుట్టినరోజులు జరిగాయి. మా పాపను ఎవరూ పిలవలేదు.

దెబ్బ తగిలింది పాపకే. బడికి పోనని మొండికేసింది. “లిఫ్టు యాడుంది అని అడుగుతాండారు. నేనేం సెప్పాల?” అని మంచం కోడు పట్టుకుంది. అయినా చేయి పట్టి బస్సు దాకా నడిపించాను. లిఫ్టు లేదని చెప్పు, ఉందన్నది తప్పని చెప్పు, ఇంకేం చెప్పొద్దు అన్నాను. రోజూ అదే మాట. అది నాతో సరిగ్గా మాట్లాడక నెల కావస్తున్నా నేను వెనక్కి తగ్గలేదు.

మొన్నటి మీటింగుకు మా ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి మగ్గం మీద పని ఉంది, మధ్యలో ఆపి వచ్చాడు. నేను రమ్మనలేదు, పొద్దునే చొక్కా వేసుకుని తయారయ్యాడు. ముందు బెంచీలో ఎప్పుడూ నేను కూర్చునే చోట ఎవరిదో హ్యాండుబ్యాగు ఉంది. మేం మూడో బెంచీలో కూర్చున్నాం, పాప మా మధ్య. కొత్తగా వచ్చిన టీచరు ఒక్కొక్కరినీ పరిచయం చేసుకోమంది. మా వంతు వచ్చేసరికి నేను లేవబోయాను. ఆయన నా మోచేయి నొక్కి తనే లేచాడు.

“మాది ఎమ్మిగనూరు మేడం. నేను మగ్గం నేస్తా. మా ఇంటామె కండెలు సుడతాది. ఇది మా పాప.”

ముందు బెంచీల్లో రెండు తలలు వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు తిరిగాయి. పాప తల వంచుకుని బెంచీ మీద గోటితో గీస్తోంది. ఆయన కూర్చున్నాక కూడా తల ఎత్తలేదు. తండ్రి వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. ఆయన దాని తల మీద చేయి వేయబోయి, వేయకుండా ఆగి, తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

నాలుగేళ్లు పట్టింది నేను దానికి తండ్రి పనంటే సిగ్గు నేర్పడానికి. ఇంకో నాలుగేళ్లు పట్టినా సరే, ప్రతి నెలా ఆయన్ను తీసుకొచ్చి దాని పక్కనే కూర్చోబెడతాను.