నాలుగో పాట కట్టినామె

నా చిన్నప్పుడు నాచారంలో బిస్కెట్లు, మందుబిళ్లలు, ఇనప గొట్టాలతో పాటు పాటలు కూడా తయారయ్యేవి. మా సందు చివర రోడ్డు దాటితే ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో క్యాసెట్లు చేసేవారు. సినిమా పాటలు కావు, పండుగ పాటలు, దేవుడి పాటలు, పల్లె పాటలు. టేపు సరిగ్గా ఎక్కిందో లేదో చూడడానికి నాలుగైదు యంత్రాల్లో ఒకే పాట వేసేవారు. ఒక దాంట్లో పల్లవి నడుస్తుంటే ఇంకో దాంట్లో ఆఖరి చరణం నడిచేది. బడి నుంచి వస్తూ ఆ గోల విని నేను చెవులు మూసుకుని పరుగెత్తేదాన్ని.

మా నాన్న మౌలాలిలో రైల్వే పనికి వెళ్లేవాడు. నేను అప్పుడు ఆరో తరగతి. మా పక్క గదిలో ఒక అక్క అద్దెకుండేది. భువనగిరి అవతలి పల్లె నుంచి, తల్లి చనిపోయిన ఏడాదే వచ్చి ఆ షెడ్డులో పనికి కుదిరింది. పగలంతా అక్కడ టేపులు బిగించి, సాయంత్రం వచ్చేటప్పుడు క్యాసెట్ డబ్బాలో పెట్టే కార్డులు కట్టలుగా తెచ్చేది. ఒకవైపు బొమ్మ, రెండోవైపు పాటల పేర్లు, వాటి పక్కన రాసినవాళ్ల పేర్లు అచ్చు వేసి ఉండేవి. వాటిని గీత వెంబడి మడవాలి. మా అమ్మతో సహా సందులోని ఆడవాళ్లంతా కబుర్లు చెప్పుకుంటూ మడిచేవారు. కొత్త కాగితం వాసన నాకు ఇష్టం కాబట్టి నేనూ కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం అక్క కట్ట విప్పకుండానే అందులోంచి ఒక కార్డు లాగి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"నాలుగో పాట సదువు బిడ్డా. ఎవలు రాసిన్రని ఉంది?"

చదివాను. ఒక మగమనిషి పేరు ఉంది. ఆయన యజమాని బావమరిది అని తర్వాత తెలిసింది.

"మల్లొక్కపారి సదువు."

మళ్లీ చదివినా అదే పేరు. అక్క గడప మీద కూలబడి మా అమ్మతో చెప్పింది. ఆ పాట వాళ్ల అమ్మ కట్టిందట. అక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు కందిచేనులో వెండి పట్టీ ఒకటి పోగొట్టుకుని ఏడుస్తుంటే, కలుపు తీస్తున్న తల్లి చేనునే నిలదీస్తూ పాట అందుకుందట. 'కందిచేనా కందిచేనా, నా సిన్ని పట్టీ ఏడ దాస్తివే' అని. సిన్ని అని తల్లి ముద్దుగా పిలిచేది అక్కనే. పక్క చేలల్లో ఆడవాళ్లు కూడా అందుకుని, రెండు మూడు ఊళ్ల దాకా ఆ పాట పోయింది. ఎప్పుడో ఎవరో టేపు రికార్డరు పట్టుకుని వచ్చి పాడించుకుని వెళ్లారు. ఆ రోజు షెడ్డులో యంత్రం మీద ఎవరో పట్నం గాయని గొంతులో, డప్పులూ వేణువులూ కలిపి, నాలుగో పాటలో తన ముద్దుపేరు తనకే వినిపించింది. సూపర్‌వైజరును అడిగితే నవ్వాడట. పల్లె పాటలకు ఓనర్లు ఉంటారా అన్నాడట.

"ఓనరు లేకుంటే ఈ మనిషి పేరెందుకు ఏసిన్రు మరి?" అని అక్క మా అమ్మను అడిగింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అక్క నన్ను వసారాలోకి పిలిచింది. ముందర కార్డుల కట్టలు, ఒక బాల్‌పెన్ను. నా రాత గుండ్రంగా ఉంటుందని సందులో అందరికీ తెలుసు. నాలుగో పాట దగ్గర, ఆ మగమనిషి పేరు కింద ఖాళీలో రాయమంది. ఏం రాయాలో కూడా తనే చెప్పింది. 'పాట కట్టినామె నర్సమ్మ.'

ఈ కథలో నేనెవరి అసలు పేరూ చెప్పదలచుకోలేదు. ఆ ఒక్క పేరు మాత్రం చెప్పకుండా ఉండలేను.

నాకు భయం వేసింది. అచ్చు పుస్తకంలో గీత గీస్తేనే బడిలో చేతివేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"కొలువు పోతది పిల్లా," అంది అక్కతో.

"పోతే ఇంకో కొలువు దొరుకుతది వదినా. ఇంకో అమ్మ దొరకదు గద."

మా అమ్మ లోపలికి వెళ్లిపోయింది. కోప్పడిందనే అనుకున్నాను. కాసేపటికి నాన్న చొక్కా జేబులోని పెన్ను తెచ్చి నా పక్కన పెట్టి, కార్డులు మడవడానికి కూర్చుంది. నేను రాస్తూ పోయాను. ఆ ఆదివారం, తర్వాత రెండు మూడు సాయంత్రాలు. వేళ్లు నొప్పి పుట్టి, 'మ్మ' కింద వత్తు వంకర పోయేది. అక్క పక్కనే కూర్చుని ప్రతి కార్డూ చేతిలోకి తీసుకుని, ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసి, అప్పుడు మడిచేది. తల్లి పేరు కదా, చూసుకుంటోంది అనుకున్నాను.

క్యాసెట్ విడుదల బతుకమ్మ పండుగకు కొద్ది రోజుల ముందు పెట్టుకున్నారు. ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాలు, పూలదండలు, మైకు. కంపెనీలో పనిచేసేవాళ్లందరినీ రమ్మన్నారు. వాళ్లకు కుర్చీలు లేవు, వెనక గోడ వారగా నిలబడాలి. అక్క నన్ను వెంట తీసుకుపోయింది. పొద్దున్నే తలంటుకుని, ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుంది.

ముఖ్య అతిథి ఒక రిటైరైన తెలుగు పంతులుగారు. తెల్ల పంచె, లావుపాటి కళ్లద్దాలు. క్యాసెట్ డబ్బాకు కట్టిన రిబ్బను విప్పి పైకెత్తి చూపించమని ఆయన్ని అడిగారు. ఆయన చూపించి ఊరుకోలేదు. పంతులుగారు కాబట్టి కార్డు బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మైకులో మొదటి పాట నుంచి చదవడం మొదలుపెట్టారు. పాట పేరు, రాసినవారి పేరు. మూడు పాటలు అయ్యాయి. అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

నాలుగో పాట దగ్గర ఆయన అచ్చు పేరు చదివారు. ఆగారు. కార్డును వెలుతురు వైపు తిప్పి, తప్పొప్పులు ఏమీ ఎంచకుండా, పాఠం చదివినట్టు చదివేశారు. "పాట కట్టినామె నర్సమ్మ."

మైకులో ఆ పేరు హాలంతా మోగింది. బయట స్తంభానికి కట్టిన గొట్టంలోంచి ఉప్పల్ రోడ్డు మీద కూడా మోగే ఉంటుంది.

వేదిక మీద యజమాని నవ్వు ఆగిపోయింది. కార్డు లాక్కుని చూశాడు. ఇంకో డబ్బా తెరిచాడు, ఇంకొకటి. అన్నింటిలోనూ నా రాతే. సూపర్‌వైజరు వేదిక దిగి మా వైపు వచ్చాడు.

"ఎవలు రాసిన్రు ఇది? చెప్పున్రి!"

నేను అక్క చీర కుచ్చిళ్ల వెనక దాక్కున్నాను. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది. అక్క నన్ను ఇంకొంచెం వెనక్కి నెట్టి ముందుకు వెళ్లింది.

"నేనే రాసిన."

సూపర్‌వైజరు పెద్దగా నవ్వాడు. "నువ్వా? జీతం కాగితం మీద ఏలిముద్ర ఏస్తవు నువ్వు. నీకు రాసుడు వస్తదా? ఎవలతోని రాయించినవో చెప్పు." జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "రా, రాసి సూపెట్టు అందరికి."

అక్కకు రాదని నాకు తెలుసు. ఇక నా పేరు బయటికి వస్తుందని, నాన్నకు తెలుస్తుందని, పోలీసులు వస్తారని నా చిన్న బుర్రలో ఏవేవో తిరిగాయి. అక్క పెన్ను తీసుకుంది. గరిట పట్టినట్టు పట్టుకుంది. అతని చేతిలోని ఆహ్వాన పత్రిక తీసుకుని, వెనకవైపు తిప్పి, గోడకు ఆనించి రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం చింతకాయంత. 'న' రాసి ఆగింది. 'ర' రాసి, దాని కింద వత్తు కోసం వెతుక్కున్నట్టు గాలిలో చెయ్యి ఆడించి, రాసింది. చివరికి 'మ్మ'. కాగితం అతని ముఖం ముందు పట్టుకుంది. వంకరటింకరగా, పైకి ఎక్కుతూ, నర్సమ్మ.

ఆ సాయంత్రాలన్నీ ఆమె కార్డులు చూస్తూ కూర్చున్నది అందుకేనని నాకప్పుడు అర్థమైంది. అక్షరమాల నేర్చుకోలేదు. తన పేరు కూడా నేర్చుకోలేదు. ఆ ఒక్క పేరు నేర్చుకుంది.

సూపర్‌వైజరు కార్డునూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఈ రాత ఆ రాత ఒక్కటి కాదు," అన్నాడు.

"రాత ఏదైతేంది సారు? పేరు అదే గద!" అంది అక్క.

వెనక గోడ దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో పకాలున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పంతులుగారు మైకు వదిలి మెట్లు దిగి వచ్చి, నర్సమ్మ ఎవరమ్మా అని అడిగారు. మా అమ్మ అని అక్క చెప్పింది. ఎక్కడుంటారు అని అడిగారు. లేదని చెప్పింది. ఆయన యజమాని వైపు తిరిగి, ఆ పాట ఇప్పుడు ఈ అమ్మాయి పాడితే విని వెళతానన్నారు. యజమాని సమాధానం చెప్పేలోపే అక్క అందుకుంది. డప్పులు లేవు, వేణువు లేదు. గొంతు బొంగురుగా ఉంది, మధ్యలో వణికింది కూడా. కానీ చేనును నిలదీసే చోట ఆమె యజమాని కళ్లలోకి చూస్తూ నిలదీసింది. షెడ్డు ముందు చెవులు మూసుకుని పరుగెత్తే నేను ఆ పాటను మొదటిసారి విన్నాను.

మర్నాడే అక్కను పనిలోంచి తీసేశారు. ఆమె దానికేమీ ఏడవలేదు. నెల తిరగకుండా హబ్సిగూడ వైపు బట్టలు కుట్టే చోట కుదిరింది. మా రాత ఉన్న క్యాసెట్లు అప్పటికే కొన్ని అంగళ్లకు చేరిపోయాయి, వెనక్కి తేలేకపోయారు. తర్వాత వేసిన కార్డుల్లో బావమరిది పేరు తీసేసి 'జానపదం' అని అచ్చు వేశారు. అదే గెలుపు అనుకుని నేను సంబరంగా ఆ కార్డు తెచ్చి అక్కకు చదివి వినిపించాను.

"జానపదం అంటె ఏంది బిడ్డా?"

"జనం కట్టిన పాట అని, అక్కా."

"జనమంత కలిసి నా పట్టీ పోగొట్టిన్రా? ఒక్క మనిషి కట్టింది. ఆమెకొక పేరుంది." అని పెన్ను నా చేతికి ఇచ్చింది.

తర్వాత నేను టీచరునయ్యాను. ఏటా కొత్త తరగతి మొదటి రోజు పిల్లలందరి చేత వాళ్ల అమ్మ పేరు రాయించేదాన్ని. తెలియదన్నవాళ్లను ఇంటికి వెళ్లి అడిగి రమ్మనేదాన్ని. ఒక హెడ్మాస్టరు ఇదేం పాఠం అని అడిగారు. మొదటి పాఠం అన్నాను. ఆయనతో గొడవైంది. నేను మానలేదు. చీర కుచ్చిళ్ల వెనక దాక్కున్న పిల్లను నేను అలా కాస్త కాస్తగా ముందుకు లాక్కొచ్చుకున్నాను.

ఇప్పుడు ఫోన్లలో 'పాటల చరిత్రలో ఈ రోజు' అని ఒక పేజీ వస్తుంటుంది. ఎవరు పుట్టారు, ఏ రికార్డు విడుదలైంది అని. ఏటా ఆ విడుదల తారీఖున మా నాచారం క్యాసెట్ గురించి కూడా రెండు వాక్యాలు వేస్తారు. పల్లె పాటను పట్నం ఇళ్లలోకి తెచ్చిన రోజు అంటారు. నాలుగో పాటను ప్రత్యేకంగా మెచ్చుకుంటారు. ఎక్కడ దొరికిందో ఏమో, రచన అని మళ్లీ ఆ బావమరిది పేరే పెడతారు.

అక్క ఇప్పుడు జవహర్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది. ఆ రోజు పొద్దున్నే తప్పకుండా ఫోన్ చేసి, "రాసినవా?" అని అడుగుతుంది. నేను కింద అభిప్రాయాల చోట ఆ మూడు మాటలే రాస్తాను. ఎవరో తీసేస్తారు. ఒక ఏడాది నా ఖాతానే ఆపేశారు. ఇంకొకటి తెరిచాను. ఈ ఏడాది మధ్యాహ్నం లోపే తీసేశారు. అన్నం తిని, కళ్లద్దాలు చీర కొంగుతో తుడుచుకుని, మళ్లీ రాశాను.