మిరప చేతుల మల్లేశ్వరి

మల్లేశ్వరి కూతురికి అట్లకాడ కాల్చి వాత పెట్టిందన్న మాట గుంటూరులో కోల్డ్ స్టోరేజీల వెనక వీధిలో పుట్టింది. పాలవాడి బండెక్కి, బడ్డీకొట్టు దగ్గర కాసేపు ఆగి, వినుకొండలో ఉన్న ఆమె అత్తగారి దాకా వెళ్ళింది. దారిలో అట్లకాడ కాస్తా పటకారయింది. పిల్ల తొడ మీద మచ్చ కళ్ళారా చూశామన్న వాళ్ళు కూడా తయారయ్యారు. అట్లకాడా లేదు, పటకారూ లేదు. వీధిలో అందరూ అందర్నీ అడిగారు గానీ, మల్లేశ్వరిని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మల్లేశ్వరి పుట్టింది చీరాలలో, మగ్గాల ఇంట్లో. తండ్రి మార్కండేయులు నేస్తుంటే పక్కన కూర్చుని కండెలు చుట్టిచ్చేది. నూలు తప్ప వేరే సరుకు ఎరగని చేతులు. పెళ్ళయి గుంటూరొచ్చాక మొగుడు నాగచైతన్య ఆటో తోలుకుంటుంటే ఇంట్లో ఊరికే కూర్చోబుద్ధి కాక, పిల్ల అంగన్‌వాడీకి వెళ్ళడం మొదలెట్టగానే మిర్చి షెడ్డులో పనికి చేరింది. ఎర్రటి కాయల గుట్ట ముందు కాళ్ళు చాపుకు కూర్చుని, ఒక్కో కాయకీ తొడిమ విరవడం. పని తేలికే. కారమే తేలిక కాదు.

పక్కన కూర్చునే కౌసర్ ఆ షెడ్డులో పాత మనిషి. చేరిన రోజే చెప్పింది.

"ఇదిగో మల్లీ, ఈ కారం వట్టి నీళ్ళకి పోదు. ఇంటికెళ్ళగానే ముందు నూనె రాసుకో, గోళ్ళ సందుల్లో కూడా. తర్వాత సబ్బు. ఆ తర్వాతే కళ్ళు తుడుచుకున్నా, పిల్లని ముట్టుకున్నా."

"చేతులకి ఇంత అభిషేకమా?"

"నవ్వుతావు గానీ, ఒకసారి మా ఆయన కంట్లో నలుసు తీశానమ్మా. వారం రోజులు నన్ను చూస్తే కళ్ళు మూసుకునేవాడు. పెళ్ళిలో కూడా అంత సిగ్గుపడలేదు."

షెడ్డులో అందరూ నవ్వారు. మల్లేశ్వరీ నవ్వింది. నవ్విందన్న సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది ఆమెకి.

ఆ పూట లారీ లోడు ఉండి షెడ్డు ఆలస్యంగా వదిలారు. మల్లేశ్వరి పరుగున ఇల్లు చేరేసరికి, నాలుగేళ్ళ హేమశ్రీ పెరట్లో మరుగుదొడ్లోంచి పిలుస్తోంది. "అమ్మా, అయిపోయింది, రా." వాళ్ళిద్దరికీ అదో ముచ్చట. తల్లి రాగానే "ఎవరండీ లోపల?" అనాలి, పిల్ల "కలెక్టరమ్మ గారు" అనాలి. ఆ రోజూ అనుకున్నారు. మల్లేశ్వరి కుళాయి కింద చేతులు ఓసారి తడుపుకుని, కొంగు బొడ్లో దోపి, చెంబుతో నీళ్ళు పోసి పిల్లని కడిగింది.

పిల్ల కెవ్వుమంది. ఏదో కుట్టిందేమో అనుకుని మల్లేశ్వరి ఇంకో చెంబు పోసి ఇంకోసారి కడిగింది, అదే చేత్తో. పిల్ల గాల్లోకి ఎగిరెగిరి పడుతుంటే అప్పుడు వాసనేసింది తన చెయ్యి. లోపలికి పరిగెత్తి పెరుగు గిన్నె తెచ్చి మొత్తం పులిమింది. మంట తగ్గేసరికి పొద్దు వాలింది. మొగుడొచ్చి పిల్ల ఎందుకలా వాడిపోయిందని అడిగితే, "గండుచీమ కుట్టింది" అంది. నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆమెకే ఆశ్చర్యమేసింది.

మర్నాటి నుంచి పిల్ల దొడ్డికి కూర్చోవడం మానేసింది. వచ్చినప్పుడు బీరువా పక్కకి పోయేది. మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసి, మొహం కందగడ్డలా చేసుకుని బిగబట్టేది. కాసేపటికి ఆ తడవ దాటిపోయేది. "రాలేదమ్మా" అని వచ్చి ఆడుకునేది. రోజులు గడిచేకొద్దీ పొట్ట ఉబ్బింది, అన్నం ముద్దలు తగ్గాయి. ఎప్పుడో ఆగలేక వెళితే రాయిలా గట్టిపడి, నొప్పికి ఏడుపు. ఆ నొప్పికి భయపడి మళ్ళీ బిగబట్టడం.

ఇంకో వింత ఏమిటంటే, అంత బిగబట్టే పిల్లకి చెడ్డీలో పల్చగా మరకలు పడేవి. అంగన్‌వాడీ టీచరు మెల్లగా చెప్పింది. "పిల్లకి విరేచనాల్లా ఉన్నాయి, తగ్గాక పంపండమ్మా." మల్లేశ్వరి ఆ చెడ్డీలు కవర్లో చుట్టి అన్నం బాక్సు కింద దాచి తెచ్చుకునేది. ఉతికి తీగ మీద ఆరేస్తే పక్కింటి శ్యామలాంబగారు చూస్తారని, గదిలోనే చీర కింద ఆరేసేది. విరేచనాలు కట్టాలని దానిమ్మ తొక్క కాచి పట్టింది, అరటిపండు, పప్పు మాన్పించి పెరుగన్నం పెట్టింది. కట్టేసినవాటినే ఇంకా కట్టేసింది పాపం.

అన్నిటికంటే ఆమెని కోసేసింది వేరే ఉంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్ద పెట్టబోతే పిల్ల ముందు తల్లి వేళ్ళు పట్టుకుని వాసన చూసేది. కొబ్బరినూనె వాసనొస్తే నోరు తెరిచేది. లేకపోతే స్పూను తెమ్మనేది.

శ్యామలాంబగారు గురునాథం పంతులుగారి భార్య. మంచావిడే. షెడ్డు వదిలేదాకా హేమశ్రీ ఆడుకునేది వాళ్ళ అరుగు మీదే. పిల్ల పొట్ట చూసి గోడ మీంచి సలహా ఇచ్చింది. "తమలపాకు కాడ ఆముదంలో ముంచి వెనక పెట్టు, చిటికెలో అవుతుంది. మా పిల్లలందరికీ నేను చేసిందదేగా." మల్లేశ్వరి పిల్లని బోర్లా పడుకోబెట్టి కాడ పట్టుకునేసరికి, పిల్ల ఆ చెయ్యి చూసి వీధి దద్దరిల్లేలా అరిచింది. "వద్దమ్మా, మండుద్ది, నీకు దణ్ణం పెడతా, మండుద్ది." సలహా ఇచ్చిన శ్యామలాంబగారు ఆ సంగతి మర్చిపోయి, మండుద్దన్న అరుపు ఒక్కటే గుర్తుపెట్టుకుంది. వాత కథకి విత్తనం అదే.

కౌసర్ బలవంతం మీద చివరికి పిల్లల డాక్టరు రాగసుధ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పిల్ల పొట్ట నొక్కి చూసి, మల్లేశ్వరి వేళ్ళు కూడా అక్కడ పెట్టించింది. ఎడం పక్క గట్టిగా, ఉండకట్టిన మట్టిలా తగిలింది.

"ఇవి విరేచనాలు కాదమ్మా. లోపల గట్టిపడి అడ్డం పడింది. దాని పక్కనుంచి పల్చటిది కారిపోతోంది. పిల్లకి తెలిసి చేసేది కాదు, తిట్టకండి."

"తిట్టలేదండి."

"మెత్తబడడానికి మందిస్తాను. రోజూ పట్టాలి, తగ్గింది కదాని మానెయ్యకూడదు. నెలలు పడుతుంది. అన్నం తిన్నాక కాసేపు కూర్చోబెట్టండి, కాళ్ళ కింద పీట వెయ్యండి. వచ్చినా రాకపోయినా కోప్పడొద్దు. కాడలూ సబ్బు ముక్కలూ పెట్టొద్దు."

మల్లేశ్వరి తలూపింది. చేతులు కొంగులో చుట్టుకుని ఉంది.

"ఎప్పటినుంచి మొదలైంది? దానికి ముందు ఎప్పుడైనా బాగా నొప్పెట్టడం, భయపడడం జరిగిందా?"

హేమశ్రీ తల్లి మొహంలోకి చూసింది. మల్లేశ్వరి నేలకేసి చూసింది. "తెలీదండి" అంది.

"ఆలోచించండి. మందు మెత్తబరుస్తుంది గానీ, భయాన్ని మందు తియ్యలేదు. భయమెక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే."

మందు పని చేసింది. పొట్ట తగ్గింది, మరకలు తగ్గాయి. పీట వేస్తే పిల్ల కూర్చునేది కూడా. కానీ తల్లి చెంబు ముట్టుకోగానే లేచి బీరువా పక్కకి పోయేది. మల్లేశ్వరి షెడ్డులోనే ఓసారి, ఇంట్లో ఇంకోసారి నూనె రాసి రుద్దుకునేది. చర్మం ఊడొచ్చేలా రుద్దుకున్నా, తన చేతులు తనకే పరాయివైపోయాయి. పనిలో కౌసర్ "మందు పడిందా?" అనడిగితే, "పడింది" అనేది. ఇంకో మాట గొంతుదాకా వచ్చేది. మొదటి రోజు తను నవ్విన నవ్వు అడ్డం పడేది.

ఆ రోజుల్లోనే వినుకొండ నుంచి అత్తగారు కోటేశ్వరమ్మ దిగింది. చేతిలో ఖాళీ సంచి. కాళ్ళు కడుక్కోకుండానే మనవరాలిని కిటికీ వెలుతురులో నిలబెట్టి గౌను పైకెత్తింది. తొడలు చూసింది, పిక్కలు చూసింది, వీపు చూసింది. గోడవతల శ్యామలాంబగారి గాజుల చప్పుడు ఆగిపోయింది.

"నాయనమ్మా, చక్కిలిగింతలు" అంది పిల్ల.

కోటేశ్వరమ్మ గౌను దించి, పిల్ల బట్టలు ఒక్కొక్కటే సంచిలో పెట్టడం మొదలెట్టింది. మల్లేశ్వరి కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, పిల్ల జడ రిబ్బను ఊడిపోతే కట్టబోయింది. హేమశ్రీ అలవాటుగా ఆ వేళ్ళు ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసి, తర్వాత తల ఇచ్చింది.

కోటేశ్వరమ్మ చెయ్యి సంచిలోనే ఆగిపోయింది.

"ఏమ్మాయ్, మచ్చయితే లేదు. వీధిలో వాళ్ళ మాట నాకొద్దు, నా కొడుకు చెప్పిన గండుచీమ కథా నాకొద్దు. బిడ్డ నీ చెయ్యి ఎందుకు వాసన చూస్తోంది? దొడ్డికి కూర్చోవాలంటే ఎందుకు హడలిపోతోందట? నిన్నే అడుగుతున్నా. నువ్వు చెప్పు."

మల్లేశ్వరి కొంగులోంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంకోసారి తెలీదని అంటే సరిపోయేది. సంచి బస్సెక్కేది, పిల్లతో పాటు ఆ భయమూ వినుకొండ వెళ్ళేది, అక్కడెవరికీ కారణం తెలిసేది కాదు. గోడవతల ఇంకా చప్పుడు లేదు. వింటే విననీ అనుకుంది.

"మిరపకాయల చేతులతో కడిగాను అత్తయ్యా. కౌసర్ ముందే చెప్పింది, నేనే వినలేదు. డాక్టరమ్మ అడిగినా తెలీదన్నాను, మీ అబ్బాయితో చీమన్నాను. తీసుకెళతానంటే తీసుకెళ్ళండి, అడ్డం రాను. కానీ అక్కడ దాన్ని కూర్చోబెట్టేటప్పుడు ముందు మీ చేతులు దానికి వాసన చూపించండి. చూపిస్తేనే అది కూర్చుంటుంది."